అరవకుండా అడ్డం నిలబడ్డ దేవదూతలు

ఈ ఎపిసోడ్‌లో ఒక్కటే ప్రశ్న. మన ఫ్రెండ్‌ని ఎవరైనా దేవుడి పేరు చెప్పి తిడుతుంటే మనం ఏం చేయాలి? తిరిగి తిట్టాలా, తల దించుకుని కూర్చోవాలా?

నేనైతే తల దించుకున్నా. బీటెక్‌లో నా రూమ్మేట్ చర్చిలో కీబోర్డ్ వాయించేవాడు. తను గే అని నా ఒక్కడికే చెప్పాడు. ఒక ఆదివారం నన్నూ చర్చికి తీసుకెళ్లాడు. అక్కడ ప్రసంగంలో ఇలాంటివాళ్లకి నరకమే అన్నారు. వాడు నా పక్కనే ఉన్నాడు. నేను ఫోన్ చూసుకుంటూ కూర్చున్నా. ఆ తర్వాత వాడు కీబోర్డ్ ముట్టుకోలేదు.

చాలా ఏళ్ల తర్వాత మాథ్యూ షెపర్డ్ గురించి చదివాను. అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రం, లారమీ అనే చిన్న ఊరు. మాథ్యూ అక్కడ యూనివర్సిటీలో చదువుకునేవాడు, వయసు 21. గే. చిన్నప్పుడు ఎపిస్కోపల్ చర్చిలో ఆరాధన టైంలో సాయం చేసిన కుర్రాడు. 1998 అక్టోబర్‌లో ఇద్దరు యువకులు అతన్ని ఊరి బయటికి తీసుకెళ్లి, చావగొట్టి, కంచెకి కట్టేసి వెళ్లిపోయారు. అక్టోబర్ 12న హాస్పిటల్‌లో చనిపోయాడు.

అంత్యక్రియలు చర్చిలోనే జరిగాయి. బయట మాత్రం ఫ్రెడ్ ఫెల్ప్స్ అనే పాస్టర్ మనుషులు ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు. దేవుడికి ఇలాంటివాళ్లంటే అసహ్యం, మాథ్యూ నరకంలో ఉన్నాడు అని రాశారు. లోపల అమ్మానాన్నలు కొడుకుని సాగనంపుతున్నారు. బయట ఇది! వెస్ట్‌బరో బాప్టిస్ట్ చర్చి అంటే వీళ్లే.

1999 ఏప్రిల్‌లో కేసు కోర్టుకొచ్చింది. వీళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి మాథ్యూ ఫ్రెండ్ రొమైన్ ప్యాటర్సన్ రెడీగా ఉంది. పైపులు, తెల్ల గుడ్డలతో తనూ ఫ్రెండ్సూ కలిసి పెద్ద పెద్ద రెక్కలు కట్టారు. దేవదూతల్లా తయారై వచ్చి, ప్లకార్డుల వాళ్లకి వీపు తిప్పి, వరసగా నిలబడి రెక్కలు విప్పారు. అంతే, ప్లకార్డులు కనబడలేదు! ఒక్క మాట అనలేదు, ఎవర్నీ తోయలేదు.

ఇక్కడ నాకు నచ్చింది ఒకటుంది. వాళ్లు బైబిల్ పేరుతో వస్తే, వీళ్లు అదే బైబిల్‌లోంచి దేవదూతని తీసుకున్నారు. దేవుడు మీ ఒక్కరి సొత్తు కాదు అని మాటల్లో చెప్పకుండానే చెప్పారు.

చట్టంతో ఆపొచ్చు కదా అంటారా? 2011లో అమెరికా సుప్రీంకోర్టు 8-1 తేడాతో, వీళ్ల నిరసనకి రాజ్యాంగ రక్షణ ఉందని తేల్చింది. అది ఒక సైనికుడి అంత్యక్రియల కేసు. అంటే నోరు మూయించడం కోర్టు వల్ల కాదు. కానీ బాధలో ఉన్నవాళ్లకి ఆ రాతలు కనబడకుండా అడ్డం నిలబడటం మామూలు మనుషుల వల్ల అవుతుంది. 2016లో ఆర్లాండోలో పల్స్ క్లబ్‌లో 49 మందిని కాల్చి చంపినప్పుడు, అక్కడి నాటకాల వాళ్లు మళ్లీ ఈ రెక్కలే కట్టుకుని అంత్యక్రియల దగ్గర నిలబడ్డారు.

నాటకం అంటే గుర్తొచ్చింది. టెక్టానిక్ థియేటర్ వాళ్లు లారమీ వెళ్లి, ఊరి జనంతో మాట్లాడి, వాళ్ల మాటలతోనే ‘ది లారమీ ప్రాజెక్ట్’ అనే నాటకం చేశారు. 2000లో మొదటి ప్రదర్శన. రొమైన్ రెక్కల కథ కూడా అందులో ఉంది.

మాథ్యూ అస్థికలని ఎక్కడ పెడితే ఎవరొచ్చి పాడు చేస్తారో అని తల్లిదండ్రులు ఇరవై ఏళ్లు ఎక్కడా పెట్టలేదు. చివరికి 2018 అక్టోబర్ 26న వాషింగ్టన్ నేషనల్ కెథడ్రల్‌లో ఉంచారు. ఆ ప్రార్థన నడిపించిన వాళ్లలో బిషప్ జీన్ రాబిన్సన్ ఒకరు. ఆయన కూడా గే. తరిమేస్తారనుకున్న చోటే ఆ అబ్బాయికి చోటు దొరికింది.

అదే ఏడాది సెప్టెంబర్ 6న మన సుప్రీంకోర్టు కూడా, పెద్దవాళ్లు ఇష్టపడి కలిసి ఉండటం నేరం కాదని 377 కేసులో చెప్పింది. ఆ రోజు నా రూమ్మేట్‌కి మెసేజ్ పెడదామని టైప్ చేసి డిలీట్ చేశా. ఏ మొహం పెట్టుకుని పంపాలి?

మొన్న మాత్రం ఫోనే చేశా. ఆ ఆదివారం నేను మాట్లాడకపోవడం తప్పు అని చెప్పా. వాడు కాసేపు ఏం అనలేదు. తర్వాత, ‘నువ్వు మాట్లాడక్కర్లేదురా, నాతో పాటు లేచి బయటికొచ్చినా సరిపోయేది’ అన్నాడు.

రెక్కలంటే అంతే ఫ్రెండ్స్. మీ పక్కన అలాంటివాళ్లు ఎవరైనా కూర్చుని ఉంటే, ఫోన్ చూడకండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి!