మూడో వైరు కోయకండి

డ్యూటీ దిగి రూముల పడుకున్నా, క్యాంపు బస్సులో కూర్చున్నా, ఓ ఐదు నిమిషాలు వినండి. నేను షార్జాలో ఎలక్ట్రీషియన్‌ని. కానీ ఈరోజు చెప్పేది మా ఇంటి ముచ్చట.

మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. అమ్మ కట్టెల పొయ్యి మీద సకినాలు, గారెలు చేసి అమ్ముతుంది. పొగకు కళ్లు మండుతున్నయంటే, పోయిన సంక్రాంతికి ముందు చిన్న బ్లోవర్ కొనమని పైసలు పంపిన. తమ్ముడు బిగించిండు. నాలుగో రోజు అమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, దాన్ని ముట్టుకుంటె చెయ్యి జివ్వుమంటుంది. చెప్పులు తొడుక్కుంటె ఏం గాదులే" అన్నది.

నాకు చెమటలు పట్టినయ్. మెయిన్ బంద్ చేయించి, ప్లగ్గు పీకించి, వీడియో కాల్‌లో చూసిన. రెండు పిన్నుల ప్లగ్గు. "మూడో వైరేదిరా?" అంటే, "మన బోర్డుకు రెండు బొక్కలే ఉన్నయి గదా అన్నా, పచ్చది కోసేసిన" అన్నడు.

ఆ బ్లోవర్‌ది ఇనుప బాడీ. లోపల ఫేజ్ వైరు ఒరుసుకుపోయి బాడీకి తగిలితే, ఆ కరెంటుకు దారి చూపేది ఎర్త్ వైరే. ఎర్త్ మంచిగుంటే ఫ్యూజో, ఆర్‌సీసీబీయో పడిపోతుంది. ఎర్త్ లేకపోతే తడి చేతులతో పిండి పిసికే మా అమ్మే దారి.

మీ ఇంట్లో బిగించేటప్పుడు ఇట్ల చేయమనండి. ముందు మెయిన్ ఆపాలి, టెస్టర్‌తో చూసుకోవాలి. మూడు వైర్ల కేబులే వాడాలి: గోధుమ రంగు ఫేజ్, నీలం న్యూట్రల్, పచ్చ-పసుపు ఎర్త్. ప్లగ్గులో ఎల్, ఎన్, ఈ అక్షరాలు చూసి బిగించాలి. ఎర్త్ వైరును కొంచెం పొడుగ్గా వదలాలి; కేబుల్ గుంజుకుపోయినా అది చివరికి ఊడాలి. రెండో కొసను బ్లోవర్ బాడీకున్న ఎర్త్ స్క్రూకు గట్టిగ బిగించాలి. స్విచ్ ఫేజ్ మీదనే ఉండాలి. మధ్యలో అతుకులు వద్దు, వైరు పొయ్యి వేడికి తగలొద్దు.

మూడు బొక్కల సాకెట్ పెట్టినంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. మా ఇంట్లో ఆ పెద్ద బొక్క వెనకాల వైరే లేదు! ఊరి ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ఎర్త్ గుంత తీయించిన, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించిన. దాని టెస్ట్ బటన్ అప్పుడప్పుడు నొక్కి చూడాలి.

ఇక్కడ మన రూముల్లో ప్లగ్గు లోపలే ఫ్యూజు ఉంటుంది. మా బ్లోవర్ 60 వాట్లు, అంటే 230 వోల్టుల మీద పావు ఆంపియర్ చిల్లర. అట్లాంటి దానికి 3 ఆంపియర్ల ఫ్యూజు చాలు, 13ది పెట్టకండి. క్యాంపు సాకెట్లు మాత్రం మీరు విప్పకండి, మెయింటెనెన్స్ వాళ్లకు చెప్పండి.

అమ్మ ఇప్పుడు బ్లోవర్ పక్కనే కూర్చుని సకినాలు చుడుతుంది. ఈ శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు, "తిన్నరా, బాగున్నరా" అన్నంక ఇంకో మాట అడగండి: "ఇనుప బాడీ ఉన్న సామాను ప్లగ్గుకు ఎన్ని పిన్నులున్నయి?" రెండే అంటే, ముట్టుకోవద్దని చెప్పి, ఆ రోజే మనిషిని పిలిపించండి.

ఉంటా మరి. పైలం.