బీమా ఉన్నా లేదని కారు పట్టుకుంటే…
(ఆత్రేయపురం సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆత్రేయపురం నుండి బొబ్బర్లంక, ధవళేశ్వరం మీదుగా రాజమండ్రికీ, రావులపాలెం మీదుగా జాతీయ రహదారికీ నిత్యం కార్లు వెళుతుంటాయి. వాటిలో పెళ్ళివారు ఉంటారు, ఆసుపత్రికి వెళ్ళే రోగులు ఉంటారు, 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన మన పూతరేకుల పెట్టెలు ఉంటాయి. అటువంటి కారును తనిఖీలో ఆపి, బీమా లేదని స్టేషనుకు తరలించారనుకోండి. తీరా చూస్తే బీమా అమలులోనే ఉంది. అప్పుడు ఆ కుటుంబం ఏమి చేయాలి? నేటి నా ప్రసంగం ఈ ప్రశ్నకే పరిమితం.

ముందుగా ఒక మాట. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ థర్డ్ పార్టీ బీమాను తప్పనిసరి చేసింది. మన బండి కింద పడిన కూలీ కుటుంబానికి పరిహారం అందాలన్నదే దాని ఉద్దేశం. అది న్యాయమైన నిబంధన. బీమా లేకుండా నడిపితే 196వ సెక్షన్ క్రింద మొదటిసారి 2,000 రూపాయల జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. తప్పించుకునే మార్గం చెప్పడానికి నేను రాలేదు. బీమా కట్టినవాని హక్కు చెప్పడానికే వచ్చాను.

కట్టిన బీమా తెరమీద ఎందుకు కనిపించదు? పోలీసులు చూసే వాహన సమాచారంలోకి బీమా సంస్థల నుండి వివరాలు చేరాలి. నంబరులో ఒక్క అక్షరం తప్పుపడినా, నిన్ననే రెన్యువల్ చేసినా, కొత్త కారు పాలసీ ఛాసిస్ నంబరు మీదే ఉండిపోయినా బీమా లేనట్లే కనిపించవచ్చు. మరొక చిక్కు ఉంది. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు 1 నుండి కొత్త కార్లకు థర్డ్ పార్టీ బీమా ఒకేసారి మూడేళ్ళకు ఇస్తున్నారు. సొంత నష్టానికి చేసిన బీమా మాత్రం ఏడాదికే ముగియవచ్చు. ఆ ఏడాది తేదీని చూసి మొత్తం బీమా ముగిసిందని పొరబడే అవకాశం ఉంది.

ఇక స్వాధీనం సంగతి. వాహనాన్ని పట్టి ఉంచే అధికారం 207వ సెక్షన్‌లో ఉంది. లైసెన్సు, వయస్సు, రిజిస్ట్రేషన్, పర్మిట్‌లకు సంబంధించిన ఉల్లంఘనలనే ఆ సెక్షన్ పేర్కొంటుంది. బీమాకు సంబంధించిన 146వ సెక్షన్ అందులో లేదు. పత్రం ఆ క్షణంలో చేతిలో లేకపోయినా, 158వ సెక్షన్ ప్రకారం 7 రోజులలో స్టేషనులో చూపినవానిని, వెంటనే చూపలేదన్న కారణంతోనే శిక్షించరాదు. కేంద్ర మోటారు వాహనాల నియమాలలోని 139వ నియమం ఫోనులోని పత్రాన్ని కూడా అంగీకరిస్తుంది. ప్రమాదం చేసిన వాహనం సంగతి వేరు. దాని విడుదలకు షరతులు కఠినం.

2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు, మద్యం తాగి నడిపిన కేసుల్లో సైతం వాహనాన్ని పట్టి ఉంచడాన్ని తప్పుపట్టింది. మద్యం తాగని, లైసెన్సు గల మరొకరికి దానిని అప్పగించమన్నది. ఆ తీర్పు మన రాష్ట్రాన్ని కట్టడి చేయకపోయినా వాదనకు బలమిస్తుంది. తాగినవాని బండికే అంత రక్షణ ఉంటే, బీమా కట్టినవాని బండికి ఉండవద్దా? ఇంగ్లండులో బీమా లేని బండిని పట్టుకునే అధికారం చట్టంలోనే స్పష్టంగా ఉంది. అయినా 2011లో అక్కడి అప్పీలు కోర్టు, మిత్రుని కారును అతని అనుమతితో నడుపుతున్న వ్యక్తి నుండి దానిని స్వాధీనం చేసుకున్న గ్రేటర్ మాంచెస్టర్ పోలీసుల చర్యను అక్రమమన్నది. బీమా పత్రాన్ని అధికారి తప్పుగా అర్థం చేసుకోవడమే అక్కడ జరిగింది.

కాబట్టి మనం చేయవలసినవి చెబుతాను. పాలసీని డిజిలాకర్‌లో ఉంచండి, ఒక ప్రతిని కారులో ఉంచండి, థర్డ్ పార్టీ తేదీల క్రింద గీత గీయండి. రెన్యువల్ చేసిన వారానికి ఎం-పరివాహన్‌లో సరిచూసుకోండి. ఆపినప్పుడు గొంతు పెంచవద్దు. ఏ సెక్షన్ క్రింద తీసుకుంటున్నారో అడగండి, రసీదు అడగండి, అధికారి పేరు, సమయం వ్రాసుకోండి, కారును ఫోటో తీయండి. ఆ రోజే పాలసీ ప్రతితో స్టేషనులోనూ, రవాణా అధికారికీ విడుదల కోరుతూ అర్జీ ఇచ్చి ముద్ర వేయించుకోండి. పాలసీ అమలులో ఉన్నదని బీమా సంస్థ నుండి లేఖ తెచ్చుకోండి. కదలిక లేకపోతే జిల్లా ఎస్పీకి వ్రాయండి, మేజిస్ట్రేటును ఆశ్రయించండి. స్వాధీనమైన వాహనాలను స్టేషన్లలో దీర్ఘకాలం ఉంచరాదని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది. ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబరు ఉంది; స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆ సహాయం లభిస్తుంది. వివరాలు సరిదిద్దని బీమా సంస్థపై 155255కు ఫిర్యాదు చేయండి.

పేరు విని, వేషం చూసి ఆపారన్న అనుమానం కలిగితే, అన్న మాటలను అన్నట్లే వ్రాయండి, సాక్షుల పేర్లు చేర్చండి. మన ఊహను అందులో కలపవద్దు. ఊహ కలిసిన ఫిర్యాదు నిజమైన అవమానాన్ని కూడా బలహీనపరుస్తుంది.

ఎవరి ఆస్తినైనా చట్టం ఇచ్చిన అధికారంతోనే తీసుకోవాలని రాజ్యాంగం 300-ఎ అధికరణం చెబుతుంది. ఆ రక్షణ అందరిదీ. లావాదేవీలను వ్రాసి ఉంచుకోవాలని దివ్య ఖుర్ఆన్ బఖరా సూరా మనకు నేర్పింది. మన యువకులు నెలకొక జుమా నమాజు తరువాత ఒక గంట కేటాయించి, మతంతో నిమిత్తం లేకుండా ఊరివారి వాహన పత్రాలు సరిచూసి పెడితే, ఎన్నో ఇళ్ళకు ఈ కష్టం తప్పుతుంది. వచ్చే జుమాకే ఆ పని మొదలు పెట్టవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.