చివరి మడికి చేరని నీరు
(డాక్టర్ కె.ఎల్. రావు స్మారకోపన్యాసం)



నిర్వాహకులు నాకిచ్చిన అంశం అవినీతి, ఆర్థికాభివృద్ధి. డాక్టర్ కానూరి లక్ష్మణరావు గారి పేరిట జరిగే సభలో దాన్ని నీటితో ముడిపెట్టకుండా మాట్లాడటం నాకు సాధ్యం కాలేదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. యంత్రాలకు డబ్బు లేని రోజుల్లో, ఉన్న కూలీల శ్రమతో, రాయి మీద రాయి పేర్చి కట్టిన ఆనకట్ట అది. దాని రూపకల్పనలో ముఖ్యులైన రావు గారు తర్వాత కేంద్రంలో నీటిపారుదల శాఖను చూశారు. కుడి ఎడమ కాలువల కింద 20 లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు లెక్కగట్టారు. ఆ ఆయకట్టులో చివరి మడి దాకా నీరెందుకు చేరదు? ఈ సాయంత్రం నేను వెతికేది ఈ ఒక్క ప్రశ్నకు జవాబు. అది దొరికితే, పేద దేశం పేదగానే ఎందుకు ఉండిపోతుందన్న ప్రశ్నకు కూడా కొంత జవాబు దొరుకుతుందని నా నమ్మకం.

అవినీతి నష్టం అనగానే మనం తిన్న సొమ్మును లెక్కపెడతాం. ప్రజల కోసం పంపే రూపాయిలో వారికి అందేది 15 పైసలేనని 1985 ప్రాంతంలో రాజీవ్ గాంధీ అన్న మాట ఇప్పటికీ ప్రతి సభలో వినిపిస్తుంది. ప్రధానమంత్రి స్థానంలో ఉన్న మనిషి ఆ మాట అనడం పెద్ద విషయమే. కానీ ఆ లెక్క మనల్ని ఒక పొరపాటు ఆలోచనకు అలవాటు చేసింది. పోయింది 85 పైసలే అనుకుంటున్నాం. అసలు నష్టం ఆ రూపాయిలో లేదు. ఆ రూపాయి సరిగా అందదని తెలిసిన మనిషి చేయకుండా ఊరుకున్న పనిలో ఉంది. దాన్ని ఏ ఆడిటరూ రాయడు.

1970ల చివర్లో రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు కర్నూలు జిల్లా పల్లెల్లో ఉండి కాలువ వ్యవసాయాన్ని పరిశీలించారు. 1982లో ఒక వ్యాసం రాశారు. అందులో రాష్ట్రం పేరు చెప్పలేదు. దక్షిణ భారతంలోని ఒక రాష్ట్రం అని మాత్రమే అన్నారు. ఇంజనీర్ల బదిలీలకు ఒక బజారు ఉందనీ, మంచి రాబడి ఉన్న పోస్టుకు ఒక ధర ఉంటుందనీ, ఆ ధర కింది నుంచి పైకి, అధికారుల నుంచి రాజకీయ నాయకుల దాకా పంచుకుంటారనీ ఆయన వివరంగా చూపించారు. పోస్టును కొనుక్కుని వచ్చిన అధికారి పెట్టిన సొమ్ము రాబట్టుకోవాలి. బదిలీ ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి తొందరగా రాబట్టుకోవాలి. ఆయనకు రెండే దారులు. ఒకటి పనులు, రెండోది నీరు.

పనుల సంగతి ఇక్కడున్న వారికి నేను చెప్పనక్కరలేదు. పూడికతీత పని మంజూరవుతుంది, ఎం.బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, అంకెలు ఎక్కుతాయి, ఈలోగా కాలువకు నీరు వదులుతారు. నీటి అడుగున ఎంత మట్టి తీశారో ఎవరు కొలుస్తారు? కాంట్రాక్టరు పర్సెంటేజీ ఇస్తాడు, బిల్లు పాసవుతుంది. మరుసటి ఏడు అదే పూడిక, అదే అంచనా. ఏటేటా కాలువ మోసే నీరు తగ్గుతూ వస్తుంది. ఆ తగ్గుదల ముందుగా తగిలేది కింది భూములకే.

రెండో దారి మీద మనం ఇంకాస్త నిలబడాలి. రైతు దగ్గర నుంచి డబ్బు రావాలంటే రైతుకు భయం ఉండాలి. నీరు ఫలానా రోజున, ఇన్ని గంటలు, తప్పకుండా వస్తుందని తెలిస్తే ఎవడూ కాలువ కాపలా చూసే లస్కర్ చేతిలో నోటు పెట్టడు. వంతుల వారీగా నీరిచ్చే వారబందీ కాగితం మీద ఉన్నట్టు నడిస్తే మామూలుకు చోటే లేదు. అందువల్ల నీరు ఎప్పుడొస్తుందో తెలియకుండా ఉంచడమే ఆ పోస్టు విలువను నిలబెడుతుంది. వేడ్ రాసినదానిలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టింది ఇదే. మిగులు నీరున్న ఏడాది కూడా రైతు నిశ్చింతగా ఉండకూడదు. ఈ వ్యవస్థ అమ్ముకుంటున్నది నీటిని కాదు, అనిశ్చితిని.

ఇక చివరి ఆయకట్టులో ఉన్న రైతును తలచుకోండి. ఆయన భూమి ప్రభుత్వ లెక్కలో తరి. నారు పోయాలా వద్దా అన్నది జూలైలో తేల్చుకోవాలి. పోసి నీరు రాకపోతే నారు, దుక్కి ఖర్చు, ఎరువుల అప్పు అన్నీ పోతాయి. అందుకని వరి మానేసి తక్కువ రాబడి వచ్చే మెట్ట పంట వేస్తాడు. వేసినా ఎరువు సగమే చల్లుతాడు. లేదా వడ్డీకి తెచ్చి బోరు వేయిస్తాడు. ప్రభుత్వం కోట్లు పోసి కట్టిన కాలువ గట్టు పక్కనే, కాలువ మీద నమ్మకం లేక, అప్పు చేసి భూమిలోకి తవ్వుతాడు! ఆ బోరు ఎండిపోతే ఆ ఇంటి పిల్ల చదువు ఆగుతుంది, ఇంటాయన హైదరాబాదుకో బెంగళూరుకో తాపీ పనికి పోతాడు. ఊళ్ళో నాట్లకు పిలిచే వాళ్ళు లేక కూలీలకు పని తగ్గుతుంది. రైసుమిల్లుకు రావాల్సిన ధాన్యం రాదు, కిరాణా కొట్లో అరువు పెరుగుతుంది. ఈ గొలుసంతా లస్కర్ చేతిలో పడిన వంద రూపాయల వెనుక ఉంది. లంచం వంద. నష్టం ఎంతో లెక్క వేయగలిగిన వారు నాకింకా తారసపడలేదు.

లంచం చక్రాలకు కందెన లాంటిదని, అది లేకపోతే ఫైలు కదలదని వాదించిన పెద్దలు ఉన్నారు. 1964లో నథానియల్ లెఫ్, 1968లో శామ్యూల్ హంటింగ్టన్ ఇలాంటి మాటే అన్నారు. మన ఇళ్ళల్లోనూ ఈ మాట వింటూనే ఉంటాం. దీనికి మంచి జవాబు ఢిల్లీ డ్రైవింగ్ లైసెన్సుల మీద మరియాన్ బెర్‌ట్రాండ్, సెంథిల్ ములైనాథన్ తదితరులు చేసి 2007లో ప్రచురించిన పరిశోధనలో ఉంది. ఏజెంటును పట్టుకున్న వాళ్ళలో చాలామంది పరీక్షకే హాజరు కాలేదు, బండి నడపడం రాకుండానే లైసెన్సు తెచ్చుకున్నారు. బాగా నడపడం నేర్చుకుని నేరుగా వెళ్ళిన వాళ్ళను అధికారులు ఇష్టం వచ్చినట్టు ఫెయిల్ చేశారు. ఎందుకంటే నేర్చుకున్నవాడు సులువుగా పాసైతే ఏజెంటుకు గిరాకీ ఉండదు. ఫైలు ఆగేది లంచం కోసమే అయినప్పుడు, లంచం దాన్ని కదిలించిందని మెచ్చుకోవడం న్యాయం కాదు. కర్నూలు కాలువకూ ఢిల్లీ లైసెన్సు ఆఫీసుకూ సూత్రం ఒకటే.

దిగుమతి లైసెన్సుల రోజుల్లో 1964 సంవత్సరానికి ఇలాంటి అయాచిత లాభాల విలువ మన జాతీయాదాయంలో 7.3 శాతం ఉండవచ్చని ఆర్థికవేత్త యాన్ క్రూగర్ అంచనా వేశారు. ఆ లైసెన్సులు చాలావరకు పోయాయి. కాలువ తూము మాత్రం పోలేదు.

కర్నూలు పల్లెలు చేతులు ముడుచుకుని కూర్చోలేదన్నది కూడా వేడ్ తర్వాత రాసిన పుస్తకం వల్లే బయటి లోకానికి తెలిసింది. కాలువ చివర ఉన్న, నీటి కొరత ఎక్కువగా ఉన్న ఊళ్ళే బాగా కూడగట్టుకున్నాయి. ఊరుమ్మడిగా నీరుకట్టు వాళ్ళను పెట్టుకున్నాయి. కోతలయ్యాక పొలాల్లో గొర్రెల మేపు హక్కు వేలం వేసి నిధి కూడబెట్టుకున్నాయి. ఆ నిధిలో ఒక ఖర్చు నీటి అధికారులకు ముట్టజెప్పేది! ఊరంతా కలిసి ఇంత చక్కగా తన వ్యవహారం తాను నడుపుకుని, చివరికి తనకు హక్కుగా రావాల్సిన నీటి కోసం ఉమ్మడి సొమ్ములోంచి లంచం కట్టడం చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. ఆ సొమ్ముతో ఆ ఊరు తన బడికి ఒక గది కట్టుకోగలిగేది.

1997లో ఆంధ్రప్రదేశ్ రైతుల చేతికి నీటి యాజమాన్యం ఇస్తూ చట్టం చేసింది. పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. దేశంలో అదొక పెద్ద ప్రయత్నం, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ ఇంజనీరు జీతం, బదిలీ, పదోన్నతి శాఖ చేతిలోనే ఉండిపోయాయి. అధికారి ఎవరికి జవాబు చెప్పాలో అక్కడ మార్పు రాలేదు.

మార్పు వచ్చిన చోటు కూడా మన రాష్ట్రమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలిని వేలిముద్రల స్మార్ట్‌కార్డుల ద్వారా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ఆర్థికవేత్తలు మురళీధరన్, నీహాస్, సుఖ్తంకర్ ఎనిమిది జిల్లాల్లో పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించారు. కూలి డబ్బులో దారి తప్పేది 41 శాతం తగ్గింది, డబ్బు అందే ఆలస్యమూ తగ్గింది. ఫలానా రోజుకు తప్పకుండా వస్తుందన్న నమ్మకం కలిగితే కూలీ ఇంట్లో అప్పు తగ్గుతుందని నేను వేరే చెప్పాలా? కానీ వేలిముద్రల యంత్రం కాలువలో నీరు పారించలేదు. అక్కడ మనుషులే ఉంటారు. కాబట్టి మనుషుల పోస్టింగుల దగ్గరికే రావాలి.

టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ కేసులో సుప్రీంకోర్టు 2013లో సివిల్ సర్వీసు అధికారులకు కనీస పదవీకాలం, బదిలీలు చూడటానికి బోర్డులు ఉండాలని చెప్పింది. కాలువ మీద పనిచేసే ఏఈ, డీఈ, ఈఈలకు అలాంటి రక్షణ ఏది? డబ్బు కట్టని ఇంజనీరును లూప్‌లైన్ పోస్టుకు పంపేస్తే ఆయన చదువు, నిజాయితీ ఒక గుమాస్తా బల్ల దగ్గర వృథా అవుతాయి. అది కూడా దేశం పోగొట్టుకుంటున్న పెట్టుబడే.

మన ఉపాధ్యాయుల బదిలీలు కౌన్సెలింగ్ పద్ధతిలో జరుగుతాయి. ఖాళీలు ముందే ప్రకటిస్తారు, సర్వీసును బట్టి పాయింట్లు వేస్తారు, పాయింట్ల వరుసలో ఎవరికి కావలసిన చోటు వారు ఎంచుకుంటారు. పైనుంచి ప్రత్యేక ఉత్తర్వులతో దొడ్డిదారి బదిలీలు జరిగితే ఉపాధ్యాయ సంఘాలు వెంటనే నిలదీస్తాయి, ఎందుకంటే ఎవరికి ఏది రావాలో అందరికీ తెలుసు. నీటిపారుదల శాఖలో కాలువల నిర్వహణ చూసే పోస్టులకు ఇదే పద్ధతి పెట్టాలి, మూడేళ్ళ దాకా కదల్చకూడదు. ప్రతి తూము దగ్గరా ఆ రోజు నీటిమట్టం రాసిన పలక ఉండాలి. పూడికతీత కొలతలు నీరు వదలకముందే గ్రామసభలో చదవాలి, కింది ఆయకట్టు రైతు సంతకం లేనిదే బిల్లు పాస్ కాకూడదు. వీటిలో దేనికీ కొత్త ఆనకట్ట అక్కరలేదు. వచ్చే ఖరీఫ్ లోపల మొదలుపెట్టగలిగిన పనులివి. ఈ సభలో ఉన్న ఇంజనీర్ల సంఘాల వారు మొదటి దాన్ని, అంటే బదిలీల కౌన్సెలింగ్‌ను, తామే అడగాలని నా వినతి, ఎందుకంటే పోస్టుకు ధర కట్టాల్సి వస్తున్నది ముందుగా వారికే.