గొఱ్ఱెదాటు

(ఒక పఠనమందిర వార్షికోత్సవ సభయందు మేము చేసిన ఉపన్యాసము)



మీ సభకు వచ్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినప్పుడు ఏ విషయమును గూర్చి మాటలాడవలెనో మాకు వెంటనే తోచలేదు. వచ్చుచుండగా దారిలో నొక గొఱ్ఱెలమంద యడ్డుపడినది. ముందున్న గొఱ్ఱె యొక చిన్న కాలువను దాటుటకై యెగిరినది, వెనుకనున్నవన్నియు నెగిరినవి. ప్రక్కగా పోవుచు, కాలువలేని చోట నడచుచున్నవి కూడ నెగిరినవి! మన పెద్దలు దీనినే గొఱ్ఱెదాటనిరి. పేరు గొఱ్ఱెలదే కాని, ఆ మాటను మనము వాడునది మనుష్యులయెడలనే గదా.

1995 సెప్టెంబరు 21వ తేదీ మీలో పెద్దలకు జ్ఞప్తియందుండును. వినాయక విగ్రహములు పాలు త్రాగుచున్నవని ఢిల్లీలో పుట్టిన మాట ఒక్క దినములో దేశమంతట వ్యాపించి, సముద్రములు దాటి లండను నగరపు దేవాలయములకును చేరెను. పాలు గరిటెనుండి తగ్గుట నిజమే. తలతన్యతచే పాలు తడిరాతిమీదికి లాగబడి, పలుచని పొరగా క్రిందికి జారుచున్నవని శాస్త్రజ్ఞులు రంగుపాలతో చూపిరి. నాడు బారులు తీరి నిలిచినవారిలో చదువుకొన్నవారును గలరు. కన్నులార చూచితిమని వారనిరి, అదియు నిజమే. తొండమువంక చూచినవారే గాని, విగ్రహము పాదములవంక చూచినవారు తక్కువ.

ఆనాడు పోయినవి పాలు మాత్రమే. ప్రాణములు పోయిన దినములును గలవు. 2018 జూలై 1న మహారాష్ట్రమున ధూలే జిల్లా రాయిన్‌పాడ గ్రామములో సంత జరుగుచుండగా, సంచారజాతివారైన ఐదుగురు భిక్షుకులను బిడ్డల నెత్తుకొనిపోవువారని గుంపు పట్టుకొని, పంచాయతి కార్యాలయములోనికి ఈడ్చి కొట్టి చంపినది. బిడ్డలదొంగల కథలు అంతకుముందే ఫోనులలో చేతినుండి చేతికి తిరుగుచుండెను. "ఏ యింటి బిడ్డ కనబడుటలేదు?" అని అందులో నొక్కడైన నడిగియుండిన, ఉత్తర మిచ్చుటకు గుంపు కొంతసేపైన నాగవలసివచ్చెడిది. ఆ యేడే మన గద్వాల ప్రాంతమున పోలీసు అధికారులు ఊరూరికి మనుష్యులను పంపి, డప్పులతో పాటలతో ఆ కథలు కల్లలని చెప్పించిరి. అచట ఒక్క ప్రాణమును పోలేదు.

"ఒక్కడడిగినంతమాత్రమున గుంపు వినునా?" యని మీరు శంకింపవచ్చును. 1951 ప్రాంతమున అమెరికాలో సాలమన్ ఆష్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు చేసిన పరీక్ష యొకటి గలదు. ఒక గీతను చూపి, వేఱు మూడు గీతలలో దానితో సమానమైన దేదని కొందఱిని వరుసగా నడిగెను. పసివాడు చెప్పగల ప్రశ్న. కాని వారిలో నిజముగా పరీక్షింపబడువా డొక్కడే. తక్కినవారు ముందే యేర్పఱచుకొని తప్పు చెప్పువారు. ఆ యొక్కడును, అందఱి మాట విని, మూడింట నొకవంతు పర్యాయములు తన కంటిని కాదని వారితో చేరెను. ఇది మాకంతగా వింత గాదు. మా సంపాదకవర్గ సమావేశములలో దినదినము చూచుచున్నదే. వింత యేమనగా, ఆ వరుసలో నిజము చెప్పువాడు మఱొక్కడు చేరినంతనే తప్పులు నాలుగవవంతునకు తగ్గినవి. తోడు దొరకుటయే కావలసినది. ఎంతటి పండితుడన్న విచారణ లేదు.

ఇంతవరకు మీరు తలలూపుచునే యున్నారు. ఏల యన, మేము చెప్పిన గొఱ్ఱెలన్నియు పరాయి మందవి. ఇక మా మందకు వత్తము.

గాంధీ మహాత్ముని పేర వాదములు ముగించుట మాకు చిరకాలపు టలవాటు. "బాపూజీ యిట్లనెను" అని వ్రాసినచో మా పాఠకులలో నెదురాడువారుండరు. ఒకమారు కులాంతర వివాహములను గూర్చి వ్రాయుచు ఆయన మాటలకై పుస్తకములు తిరుగవేసితిమి. 1921లో వర్ణములనడుమ వివాహ భోజనములకు గల నిషేధము మేలనెడి గాంధీ యచట కనబడెను. 1946లో, వధూవరులలో నొకరు హరిజనులైననే తప్ప సేవాగ్రామమున పెండ్లి జరుగరాదని నియమించిన గాంధీయు కనబడెను. మే మెవరిని ప్రమాణముగా గొనవలెను? దీనికి జవాబాయనయే 1933లో హరిజన పత్రికలో వ్రాసియుంచెను: తన మాటలలో విరోధము తోచిన, తరువాతి మాటనే గ్రహింపుడని. తన నమ్మకమును తానే కొట్టివేయుటకు సిద్ధపడినవాని మాటలను మేము రాతిపై చెక్కి పూజించుచుంటిమి. మాకు సిగ్గైనది.

మన గోరాగారి కథ మఱియు చిత్రము. గోపరాజు రామచంద్రరావుగారు జంధ్యము తీసివేసి యిల్లు విడిచినవారు. నాస్తికత్వము కారణముగా ఉద్యోగమును గోల్పోయినవారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రమును స్థాపించినవారు. అట్టివారు పోయి, నిత్యము ప్రార్థన జరుగు సేవాగ్రామములో, దైవము లేడని మహాత్మునితోనే వాదించిరి. మహాత్ముడు దైవము సత్యమనుట మాని సత్యమే దైవమనుచు అప్పటికే చాలకాల మయ్యెను. గోరాగారి కుమార్తెను హరిజన యువకునికిచ్చి వివాహము చేయ నిశ్చయమైనప్పుడు, దైవము పేర అనుటకు బదులు సత్యము పేర అనెదనని ఆయన యొప్పుకొనెను. మహాత్ముడు తన ప్రార్థనలను మానలేదు, గోరాగారు గుడికి పోలేదు. 1948 జనవరి 30న మహాత్ముడు హతుడయ్యెను. ఆ మార్చి నెలలో సేవాగ్రామమున పెండ్లి జరిగెను.

కార్యదర్శిగారు గడియారమువంక చూచుచున్నారు. ఒక్క మాట చెప్పి విరమించెదము. సభకు ముందు మీ బల్లమీది పత్రికలను తిరుగవేసితిమి. మా పత్రిక యున్నది, సంతోషము. తక్కినవన్నియు మా పక్షమువే. వారమువారము మమ్ము దుమ్మెత్తిపోయు పత్రిక యొకటి యీ పట్టణముననే వెలువడుచున్నదని మీరెఱుగుదురు. దానిని గూడ తెప్పింపుడు. ఈ యేటి చందా మేము చెల్లించెదము; సొమ్ము కార్యదర్శిగారి చేత నిప్పుడే యుంచి పోవుచున్నాము.