స్కిజోఫ్రీనియా: లక్షణాలు గుర్తిద్దాం, మనిషిని అర్థం చేసుకుందాం
(సభలో చేసిన ప్రసంగ పాఠం)

భోజనాల వేళ దగ్గరపడింది, ఆ తర్వాత పిల్లల నాట్య కార్యక్రమం ఉంది. ఈ మధ్యలో ఒక జబ్బు గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను నిలబెట్టారు. త్వరగానే ముగిస్తాను.

నేను దమ్మామ్‌లో ఒక పాలీక్లినిక్‌లో జనరల్ ఫిజీషియన్‌ని. మానసిక వైద్య నిపుణుణ్ణి కాను. కానీ మనవాళ్ళు మనసుకు జబ్బు చేసినా మొదట వచ్చేది మాలాంటి వాళ్ళ దగ్గరికే. అదీ తలనొప్పి అనో, నిద్ర పట్టడం లేదనో చెప్పుకుంటూ వస్తారు.

కరీంనగర్ వైపు కుర్రాడొకడు, ఇరవై మూడేళ్ళవాడు, క్యాంపులో ఉండేవాడు. (ఆనవాలు తెలియకుండా వివరాలు కొద్దిగా మార్చాను.) గదిలో ఉండే పెద్దాయన వెంటబెట్టుకొచ్చాడు. "డాక్టర్ సాబ్, వీడు రెండు నెలల సంది మెస్సుల తింటలేడు. అన్నంల ఏమో కలుపుతున్నరంటడు. రాత్రి ఒక్కడే మాట్లాడుకుంటడు. ఇంటికి ఫోన్ చేస్తలేడు" అన్నాడు. ఫోర్‌మన్ దృష్టిలో అతడు పని ఎగ్గొట్టే సోమరి. ఊళ్ళో తల్లి, ఎవరో బాణామతి చేశారని తాయెత్తు పంపింది. "నీకేమైనా గొంతులు వినిపిస్తాయా తమ్మీ?" అని అడిగాను. చాలాసేపు తల వంచుకుని, "ఇద్దరు సార్. నేనేం చేస్తే అది వాళ్ళు చెప్పుకుంటరు" అన్నాడు. అప్పటిదాకా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదట.

పెద్దాయన చెప్పిన నాలుగు మాటల్లోనే ఈ జబ్బు చాలావరకు ఉంది. లేని గొంతులు వినిపించడం ఒకటి. అవి ఊహలా ఉండవు, నా మాట మీకు ఇప్పుడు ఎలా వినిపిస్తోందో అంత స్పష్టంగా వినిపిస్తాయి. ఎవరో వెంటాడుతున్నారని, విషం పెడుతున్నారని, టీవీలో తన గురించే చెబుతున్నారని గట్టి నమ్మకం మరొకటి. ఎంత రుజువు చూపినా అది కదలదు. మాటకూ మాటకూ పొంతన లేకపోవడం ఇంకొకటి.

ఇవన్నీ పైకి కనిపించేవి. కనిపించనివే ఇంటివాళ్ళను ఎక్కువ మోసం చేస్తాయి. స్నానం మానేస్తాడు, నవ్వడు, స్నేహితులను వదిలేస్తాడు, గంటల తరబడి గోడకేసి చూస్తూ కూర్చుంటాడు. మనం దాన్ని బద్ధకమంటాం, పొగరంటాం, పెళ్ళి చేస్తే కుదురుకుంటాడంటాం. దయచేసి ఆ చివరి వైద్యం మాత్రం చేయకండి. దానివల్ల ఇద్దరి జీవితాలు చిక్కులో పడతాయి.

2005లో మనం 'అపరిచితుడు' చూశాం, 'చంద్రముఖి' చూశాం. ఒక మనిషిలో ఇద్దరు మనుషులుండటమే స్కిజోఫ్రీనియా అనుకునేవాళ్ళు ఇప్పటికీ నాకు తగులుతారు. అది వేరే సంగతి. పేరు కూడా కొంత కారణం. స్విస్ వైద్యుడు బ్లూలర్ 1908లో 'చీలిన మనసు' అనే అర్థం వచ్చే గ్రీకు మాటలతో ఈ పేరు పెట్టాడు. ఆయన ఉద్దేశం ఆలోచనకూ, భావానికీ మధ్య పొత్తు చెడిందని.

ప్రపంచంలో సుమారు మూడు వందల మందిలో ఒకరికి ఇది ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఎక్కువగా ఇరవైల వయసులో మొదలవుతుంది, అంటే సరిగ్గా మనవాళ్ళు గల్ఫ్ విమానం ఎక్కే వయసు. వలస వెళ్ళినవారిలో ఇది ఎక్కువని 1932లోనే, మిన్నెసోటాకు వెళ్ళిన నార్వేవాళ్ళను చూసి ఓడెగార్డ్ అనే వైద్యుడు రాశాడు. అలాగని గొంతులు వినిపించిన ప్రతివాడిదీ ఇదే జబ్బు కాదు. దొంగ సారా సిద్దీకీ హఠాత్తుగా మానేసినా, మత్తు బిళ్ళలు మింగినా, తీవ్రమైన జ్వరం వచ్చినా ఇలాగే కావచ్చు. అందుకే ముందు పరీక్షలు చేయిస్తాం. సాధారణంగా ఆరు నెలల పాటు లక్షణాల తీరు చూశాకే నిపుణులు ఈ పేరు పెడతారు. చికిత్స మాత్రం అంతవరకూ ఆగదు, ఆగకూడదు.

గదిలో ఉన్నవాళ్ళు ఏం చేయాలి? వాదించకండి, నవ్వకండి. "అవును, విషం కలిపారు" అని వంత కూడా పాడకండి. "నాకు వినిపించట్లేదు గానీ నీకు భయంగా ఉందని తెలుస్తోంది" అంటే చాలు. "నాకేం జబ్బు లేదు" అనడం కూడా జబ్బులో భాగమే, మొండితనం కాదు. కంపెనీకి డాక్టరు కాగితం వెంటనే అందేలా చూడండి. పారిపోయాడని నమోదైతే ఇకామా చిక్కు జబ్బుకు తోడవుతుంది. ఒంటరిగా విమానం ఎక్కించి చేతులు దులుపుకోకండి. చచ్చిపొమ్మని గొంతు చెబుతోందంటే మాత్రం రేపటిదాకా ఆగొద్దు, 997కి ఫోన్ చేసి ఆ పూటే ఆసుపత్రికి చేర్చండి. ఈ జబ్బున్న ప్రతి ఇరవై మందిలో సుమారు ఒకరు ఆత్మహత్యతోనే పోతారు.

1952 నుంచీ దీనికి మందులున్నాయి. గుణం కనిపించడానికి వారాలు పడుతుంది. బరువు పెరగడం, వణుకు, మగత వంటివి వస్తే డాక్టరుకు చెప్పి మార్పించుకోవాలి గానీ మానేయకూడదు. రోజూ మాత్రలు మరిచిపోయేవారికి నెలకోసారి వేసే ఇంజెక్షన్లూ ఉన్నాయి. సెలవుకు వెళ్ళి వచ్చేటప్పుడు మందులు అసలు స్ట్రిప్పులతో, ప్రిస్క్రిప్షన్‌తో తెచ్చుకోండి. కొన్ని నిద్రమాత్రల విషయంలో సౌదీ కస్టమ్స్ చాలా కఠినం, ముందే నిబంధనలు కనుక్కోండి.

ఊళ్ళో ఉన్న ఇంటివాళ్ళకు ఒక నంబరు రాసివ్వండి: 14416. భారత ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. హైదరాబాదులో ఎర్రగడ్డ ఉంది, విశాఖలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. ఎర్రగడ్డ పేరును మనం తిట్టుగా వాడుకుంటాం గానీ, అక్కడి ఓపీ వరసలో నిలబడేది మనలాంటి కుటుంబాలే.

ప్రశ్నలుంటే భోజనాల దగ్గర అడగండి. అందరి ముందూ అడగలేనివారు పక్కకు పిలవండి, వస్తాను.