పట్టీలో కనిపించని సున్నలు

(మార్కాపురంలో పాల సంఘాల కార్యదర్శులకు, సభ్యులకు జరిగిన శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠము)



మాకు ఈ రోజు అప్పగించిన విషయము చూడటానికి చాలా చిన్నది. కంప్యూటరులో వేసే పదిరోజుల బిల్లు పట్టీలో అక్కరలేని సున్నలు వచ్చి పడుతున్నవి, వాటిని కనబడకుండా చేయడం ఎట్లా అని కొందరు కార్యదర్శులు అడిగారు. చిన్న విషయమే గాని, దీనివల్ల ఒక సభ్యురాలు నిండు సభలో మాట పడవలసి వచ్చింది. ముందు ఆ సంగతి చెబుతాము.

గిద్దలూరు వైపు ఒక సంఘానికి తనిఖీకి వెళ్లాము. వెన్న తక్కువగా వచ్చినవారి జాబితా గోడకు అంటించి ఉంది. సరాసరి ఐదు శాతానికి తగ్గితే బోనసు నిలపాలని ఆ సంఘం తీర్మానం. జాబితాలో పేరున్న ఒకావిడ మా దగ్గరకు వచ్చి, "అయ్యా, నీళ్లు కలిపే ఖర్మ నాకేంది? బర్రె ఒట్టిపోయేదానికొచ్చింది. పాలు లేని పూట గిన్నె పట్టుకొని రానేలేదు" అన్నది. ఆమె చీటీలన్నీ పైట కొంగున కట్టుకొని తెచ్చింది. పది ఉదయాలు, నాలుగు సాయంత్రాలు, మొత్తం పద్నాలుగు పూటల చీటీలు. ప్రతి చీటీ మీద వెన్న 7 శాతం. పట్టీలో మాత్రం సరాసరి 4.9.

అచ్చు తీసిన కాగితం మేమూ చూశాము. ఆరు సాయంత్రాల గళ్లు తెల్లగా ఉన్నవి. కూడికలో తప్పు కనబడలేదు. ఒప్పుకోవాలి, అరగంట మాకూ అంతుపట్టలేదు. చివరకు కంప్యూటరు తెరిచి, ఒక తెల్ల గడి మీద క్లిక్ చేసి, పైన ఫార్ములా వరుస చూడగా గుట్టు బయటపడింది. ఆ గడిలో సున్న ఉంది, కంటికి కనబడకుండా దాచారు. పద్నాలుగు ఏళ్లు తొంభై ఎనిమిది. దానిని పద్నాలుగుతో భాగిస్తే 7. దాగి ఉన్న ఆరు సున్నలనూ లెక్కలో పట్టి ఇరవైతో భాగిస్తే 4.9. లెక్క తప్పిన మిషను కాదు, సున్నను దాచిన చెయ్యి.

మన మార్కాపురం పలక మీద అంకెను తుడిస్తే అది పోతుంది. ఎక్సెల్ పట్టీలో దాచిన అంకె పోదు. అక్కడే కూర్చుని లెక్కలో పాలుపంచుకుంటుంది. సున్నను ఒక అంకెగా పట్టి దానితో కూడికకు, తీసివేతకు సూత్రాలు వ్రాసినవాడు మన బ్రహ్మగుప్తుడు, క్రీ.శ. 628లో. ఖాళీ గడి అంకె కాదు, సున్న అంకె. సరాసరి తీసే యావరేజ్ ఫార్ములా ఖాళీని వదిలిపెడుతుంది, సున్నను లెక్కలోకి తీసుకుంటుంది.

అసలీ సున్నలు ఎక్కడివి? రోజు పట్టీలోని గడిని బిల్లు పట్టీకి ఫార్ములాతో తెచ్చుకుంటాము గదా. అక్కడ ఖాళీగా ఉంటే ఇక్కడికి సున్నగా వస్తుంది. మిషను స్వభావమే అంత.

దాచడానికి కార్యదర్శులు వాడే దారులు రెండు. ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ లోకి వెళ్లి, సున్నలు చూపించు అనే చోట టిక్కు తీసివేయడం ఒకటి. దీనితో ఆ పట్టీలోని సున్నలన్నీ ఒక్క దెబ్బకు మాయమవుతాయి. రెండవది, కావలసిన వరుసకు మాత్రం 0.0;-0.0;;@ అని ఫార్మాట్ ఇవ్వడం. సెమీకోలన్ల మధ్య మూడవ చోటు సున్నది, దానిని వట్టిగా వదిలితే సున్న కనబడదు. రెండింటిలోనూ సున్న లోపల ఉండనే ఉంటుంది. ఆ సంఘంలో జరిగింది మొదటి పద్ధతి.

వెన్న శాతం వరుసకు దాచడం పనికిరాదు, సున్న పుట్టకుండానే చేయాలి. ఫార్ములా ఇట్లా వ్రాయండి: =ఇఫ్(రోజు!సి5="","",రోజు!సి5). రోజు పట్టీలో ఖాళీగా ఉంటే ఇక్కడా వట్టిగా ఉంచు, లేకుంటే ఉన్నది తీసుకురా అని దాని అర్థం. పత్రికలో తెలుగులో అచ్చు వేస్తున్నారు గాని, ఇఫ్, సి వంటివి మిషను మీద ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి. ఒక జాగ్రత్త. ఇట్లా వట్టిగా చేసిన గడిని ప్లస్ గుర్తుతో కూడితే తప్పు చూపిస్తుంది. సమ్ ఫార్ములాతో కూడండి, అది వట్టి గళ్లను దాటిపోతుంది.

నిజానికి పూటల సరాసరే సరైన పద్ధతి కాదు. ఉదయం 4 లీటర్లు 6 శాతం, సాయంత్రం 2 లీటర్లు 7.5 శాతం పోస్తే, పూటల సరాసరి 6.75 వస్తుంది. పాలను బట్టి చూస్తే 24, 15 కలిపి 39, ఆరు లీటర్లతో భాగిస్తే 6.5. లీటర్లను వెన్నతో గుణించి కూడి, మొత్తం లీటర్లతో భాగించాలి. సమ్‌ప్రొడక్ట్ అనే ఫార్ములా ఈ పని చేస్తుంది. ఇందులో పాలు పోయని పూట ఎవరికీ నష్టం చేయదు. సున్న లీటర్లు పైనా చేరవు, కిందా చేరవు.

ఇక కనబడి తీరవలసిన సున్నలు కొన్ని ఉన్నవి. పాలు విరిగిపోయి కేంద్రంలో తీసుకోకపోతే ఆ పూట సొమ్ము సున్న. దాణా బాకీ మినహాయించగా బట్వాడా ఏమీ మిగలకపోతే అదీ సున్నే. ఈ వరుసలు తెల్లగా ఉంటే, తన బిల్లు వేయనేలేదని సభ్యుడు అనుకుంటాడు, లేదా అసలు అడగకుండానే ఊరుకుంటాడు. పట్టీ శుభ్రంగా కనబడటం కోసం వీటిని దాచవద్దు. టిక్కు తీసే పద్ధతి మేము వద్దనేది అందుకే. అది మంచి సున్నను, చెడ్డ సున్నను వేరు చేయదు.

ఆవిడ సంగతి చెప్పకుండా వదిలితే మీరు అడుగుతారు. ఫార్ములా మార్చిన తరువాత ఆమె సరాసరి 7 వచ్చింది. జాబితాలో ఇంకా ముగ్గురి పేర్లు ఇట్లాంటివే తేలినవి, ముగ్గురూ ఒంటిపూట పాలు పోసేవారే. నిలిపిన బోనసు ఇచ్చివేయాలని తనిఖీ నివేదికలో వ్రాశాము. ఏ సభలో మాట అన్నారో ఆ సభలోనే సవరణ చదివి వినిపించాలని కూడా వ్రాశాము. పాలకవర్గం చదివించింది.

పట్టీలు పెన్‌డ్రైవులో తెచ్చినవారు వెనుక గదిలోకి రండి. సభ్యులు తమ చీటీలు దగ్గర పెట్టుకొని పక్కన కూర్చోండి, గడి గడికీ సరిచూద్దాము.