ముందే చెప్పేసే దర్శకుడు



సస్పెన్స్ సినిమా అనగానే మనకు ముందుగా వినిపించే మాట, "క్లైమాక్స్ చెప్పేయకు!" హంతకుడెవరో ఆఖరి రీలు దాకా దాచిపెట్టడమే సస్పెన్స్ అనుకుంటాం. ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ దీనికి ఎదురు నడిచాడు. ఆయన ప్రేక్షకుడికి ముందే చెప్పేస్తాడు. తెరమీది మనుషులకు తెలియని సంగతి మన చెవిన వేసి, ఇక మీ పాట్లు మీరు పడండి అని వదిలేస్తాడు. నేను ఈరోజు మాట్లాడదలచుకున్నది ముఖ్యంగా ఈ ఒక్క విషయమే.

1962లో ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్స్వా ట్రూఫో ఆయనతో సుదీర్ఘంగా మాట్లాడి, ఆ మాటలతో తరవాత ఒక పుస్తకం తెచ్చాడు. అందులో హిచ్‌కాక్ చెప్పిన ఉదాహరణ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. బల్ల కింద బాంబు ఉంది. ఆ సంగతి తెలియకుండా అది పేలితే మనకు దక్కేది కొన్ని సెకన్ల ఉలికిపాటు. అదే, ఒంటిగంటకు పేలుతుందని తెలిసి, గడియారం పావు తక్కువ ఒంటిగంట చూపిస్తుంటే? బల్ల దగ్గరివాళ్ల ఊసుపోక కబుర్లు కూడా ఊపిరి బిగబట్టి వింటాం.

హిచ్‌కాక్ 1899 ఆగస్టు 13న లండన్ శివారు లేటన్‌స్టోన్‌లో పుట్టాడు. తండ్రిది కూరగాయలు, కోళ్లు అమ్మే కొట్టు. క్యాథలిక్ కుటుంబం, జెసూట్ పాదిరీల బడిలో చదువు. చిన్నప్పుడు ఏదో అల్లరి చేస్తే తండ్రి చీటీ రాసిచ్చి పోలీసు స్టేషనుకు పంపాడనీ, అక్కడి అధికారి అది చదివి తనను కొద్ది నిమిషాలు సెల్‌లో పెట్టి తాళం వేశాడనీ ఆయన జీవితాంతం చెప్పుకున్నాడు. చేయని నేరానికి తప్పించుకు తిరిగే అమాయకుడు ఆయన సినిమాల్లో మాటిమాటికీ ఎదురవుతాడంటే, ఆ తాళం చప్పుడు ఆయన్ని వదల్లేదనే నాకనిపిస్తుంది.

తండ్రి 1914లో పోయాడు. కుర్రవాడు కేబుళ్ల కంపెనీలో చేరి, ప్రకటనల విభాగంలో బొమ్మలు వేశాడు. ఆపైన ఇస్లింగ్టన్ స్టూడియోలో మూకీలకు టైటిల్ కార్డులు గీసే పని దొరికింది. 1924లో జర్మనీ వెళ్లినప్పుడు దర్శకుడు ముర్నౌ 'ది లాస్ట్ లాఫ్' తీస్తుండగా కళ్లారా చూశాడు. కార్డుల మీద అక్షరాలు గీసి బతికినవాడు, దాదాపు ఒక్క కార్డు కూడా లేకుండా కథ నడిపే దర్శకుణ్ణి చూశాడు. ఆయనకు అంతకన్నా పెద్ద బడి ఉందనుకోను.

1927లో వచ్చిన 'ది లాడ్జర్' పేరు తెచ్చింది. 1929లో 'బ్లాక్‌మెయిల్'ను మూకీగా మొదలుపెట్టి టాకీగా మార్చారు. అందులో ఒక ఇల్లు. ముందురాత్రి ఆత్మరక్షణ కోసం ఒకణ్ణి కత్తితో పొడిచిన అమ్మాయి టిఫిన్ బల్ల దగ్గర కూర్చుని ఉంటుంది. పక్కింటావిడ హత్య గురించి వాగుతూ ఉంటుంది. క్రమంగా ఆ మాటలన్నీ గొణుగుడైపోయి, 'కత్తి' అన్న మాట ఒక్కటే పదేపదే స్పష్టంగా వినబడుతుంది. సినిమాకు గొంతు వచ్చిన కొత్తలోనే, మనిషి లోపలి చెవికి వినబడేదాన్ని వినిపించాడు.

1936లో 'సాబొటాజ్' తీశాడు. ఒక పిల్లవాడు సినిమా డబ్బాలతో పాటు ఒక పొట్లం పట్టుకుని లండన్ వీధుల్లో వెళుతుంటాడు. పొట్లంలో బాంబుందని మనకు తెలుసు, వాడికి తెలియదు. దారిలో ఊరేగింపు అడ్డొస్తుంది, టూత్‌పేస్ట్ అమ్మేవాడు పట్టుకుని ఆపుతాడు. బస్సెక్కి పక్కావిడ కుక్కపిల్లతో ఆడుకుంటాడు. బాంబు పేలుతుంది, పిల్లవాడు చనిపోతాడు. ప్రేక్షకులు కోపగించారు. అలా చేసి ఉండకూడదని హిచ్‌కాక్ తరవాత ఒప్పుకున్నాడు. మనల్ని అంతసేపు భయపెట్టాక ఊరట ఇవ్వాల్సింది ఆయనే గదా.

1939లో నిర్మాత సెల్జ్‌నిక్ పిలుపు మీద అమెరికా వెళ్లాడు. మరుసటి ఏడు వచ్చిన 'రెబెకా'కు ఉత్తమ చిత్రం ఆస్కార్ దక్కింది, దర్శకుడికి దక్కలేదు. మొత్తం ఐదుసార్లు నామినేట్ అయినా ఉత్తమ దర్శకుడి ఆస్కార్ ఒక్కసారీ రాలేదు. ఆ లెక్కకు నేను పెద్ద విలువ ఇవ్వను.

నన్నడిగితే ఆయన పనితనం పరాకాష్ఠ 1946 నాటి 'నటోరియస్'లో ఉంది. రియో డి జనీరోలో నాజీ భర్త ఇంట్లో పెద్ద విందు. గూఢచారి పని కోసమే అతన్ని పెళ్లాడిన ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ అతని తాళాల గుత్తి నుంచి సెల్లార్ తాళంచెవి కాజేసింది. కెమెరా పై అంతస్తు ఎత్తు నుంచి హాలంతా చూపిస్తూ, ఎక్కడా ఆగకుండా కిందికి దిగి దిగి ఆమె గుప్పిట్లోని ఆ తాళంచెవి దగ్గర నిలుస్తుంది. తరవాతది ఇంకా గొప్పది. అతిథులు షాంపేన్ తాగుతున్నారు. ఐసులో పెట్టిన సీసాలు తరిగిపోతున్నాయి. అవి అయిపోతే భర్త సెల్లార్‌కి వెళతాడు, తాళంచెవి కోసం తడుముకుంటాడు. అందుకని మనం సీసాలు లెక్కపెట్టడం మొదలుపెడతాం. తుపాకీ లేదు, తరుముడు లేదు. విందులో మంచి మర్యాద జరుగుతున్నకొద్దీ మనకు భయం పెరుగుతుంది.

ఇక 'వెర్టిగో', 1958. దీనికి మూలమైన ఫ్రెంచి నవల రహస్యాన్ని చివరిదాకా దాచింది. హిచ్‌కాక్ మాత్రం ఇంకా చాలా సినిమా ఉండగానే కిమ్ నోవాక్ పాత్ర చేత ఉత్తరం రాయించి, కథలోని ఇద్దరు స్త్రీలూ ఒక్కరేనని మనకు చెప్పించేశాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా వద్దన్నారని ఆయనే ట్రూఫోతో అన్నాడు. కానీ ఆ ఒక్క సీనుతో కథ మనసే మారిపోయింది. "ఆమె ఎవరు?" అన్న ప్రశ్న పోయి, "కథానాయకుడికి తెలిస్తే ఏమవుతుంది?" అన్న దిగులు పట్టుకుంటుంది. ఆనాడు అంతంతమాత్రంగా ఆడిన ఈ సినిమా 2012లో 'సైట్ అండ్ సౌండ్' పత్రిక విమర్శకుల పోల్‌లో మొదటి స్థానంలో నిలిచింది.

మరి 'సైకో' మాటేమిటని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 1960లో అక్కడ ఆయన దాచాడు. సినిమా మొదలయ్యాక హాల్లోకి ఎవర్నీ రానివ్వొద్దని థియేటర్లను కట్టడి చేశాడు. టీవీ సిబ్బందితో, నలుపు తెలుపుల్లో, ఎనిమిది లక్షల డాలర్లకు కాస్త పైబడి తీశాడు. స్నానాల గదిలో హత్య జరిగే సీనుకు సంగీతం వద్దనుకున్నాడు. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ మాట వినకుండా తీగవాద్యాలతో కట్టి వినిపిస్తే, అప్పుడు ఒప్పుకున్నాడు. అయినా ఆ హత్య అయ్యాక మిగతా సినిమా అంతా పాత సూత్రమే. ఆ ఇంట్లో ఏముందో మనకు కొంత తెలుసు, మెట్లెక్కుతున్న మనిషికి తెలియదు.

ఇంకొక మాట చెప్పక తప్పదు. 'ది బర్డ్స్' చివర్లో మేడమీది గదిలో నటి టిపీ హెడ్రన్ మీద రోజుల తరబడి నిజమైన పక్షులను విసిరించారు. ఆమెకు ముందు చెప్పింది మరబొమ్మ పక్షులని. హిచ్‌కాక్ తనను లైంగికంగా వేధించాడని 2016లో వచ్చిన ఆత్మకథలో ఆమె రాసింది. ప్రేక్షకుడికి అన్నీ ముందే చెప్పే దర్శకుడు తన నటికి మాత్రం చెప్పలేదు. ఆయన పనిని ఎంతగా ప్రేమించినా ఈ సంగతిని నేను పక్కన పెట్టలేను.

ఆయన పక్కనే ఉన్న మరొక స్త్రీ ఆల్మా రెవిల్. ఆయన కన్నా ఒక్కరోజు చిన్న. ఆయన దర్శకుడు కాకముందే ఆమె ఎడిటర్. 1926లో వాళ్ల పెళ్లయింది. 'సైకో' తయారయ్యాక చచ్చిపడి ఉన్నట్టు నటించిన జానెట్ లీ శరీరంలో చిన్న కదలికను పసిగట్టింది ఆమేనని చెబుతారు. 1979లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ జీవన సాఫల్య పురస్కారం అందుకుంటూ, తనను నిలబెట్టినవాళ్లు నలుగురని అన్నాడు హిచ్‌కాక్. ఒకరు ఎడిటర్, ఒకరు రచయిత, ఒకరు తన కూతురి తల్లి, ఒకరు గొప్ప వంటమనిషి. నలుగురూ ఆల్మాయేనని చెప్పాడు. మరుసటి ఏడు ఏప్రిల్ 29న కన్నుమూశాడు.

వచ్చే నెల మన ఫిల్మ్ క్లబ్ వేయబోయేది 'షాడో ఆఫ్ ఎ డౌట్'. ఆ సినిమా రచయితల్లో ఆల్మా ఒకరు. కరపత్రం మీద దర్శకుడి పేరుతో పాటు ఆమె పేరు కూడా అచ్చువేయించమని కార్యదర్శి గారిని ఈ వేదిక మీద నుంచే అడుగుతున్నాను.